కిరాయి కారు ఖర్చంతా ముందే చెప్పించండి

సంగారెడ్డి జిల్లా రవాణా అధికారి గారికి,

మా నాగల్‌గిద్దలో రోగిని హైదరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికో నిమ్స్‌కో తీసుకెళ్లాలంటే చాలామందికి కిరాయి కారే దిక్కు. మాట్లాడుకునేటప్పుడు కిలోమీటరు రేటు ఒక్కటే చెబుతారు. దిగేటప్పుడు డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్, వెయిటింగ్, రాత్రి ఛార్జీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. కిలోమీటర్లు మన వాకిట్లోంచి కాదు, బండి బయల్దేరిన చోటు నుంచి లెక్కిస్తారు. బీదర్ వైపు వెళితే కర్ణాటక పర్మిట్ ఖర్చు అదనం. వీటిలో చాలావరకు న్యాయమైనవే. డ్రైవరూ తిండి తినాలి, రాత్రంతా మేలుకుని నడిపినందుకు అతనికి కూలీ దక్కాలి. కానీ ముందు చెప్పకపోవడం అన్యాయం. ఆసుపత్రి మెట్ల ముందు రోగిని పట్టుకుని నిలబడ్డవాళ్లు ఏం బేరమాడగలరు?

ఆన్‌లైన్‌లో ఇలా ధరను విడతలుగా బయటపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాల్లో నిషేధించింది. ఫోన్‌లో మాట్లాడుకునే మా కిరాయిలకూ అదే న్యాయం దక్కాలి. 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ కింద ఛార్జీలపై ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అలాంటి ఆదేశాలివ్వాలని మీ కార్యాలయం నుంచి ప్రభుత్వానికి ప్రతిపాదన పంపండి. ఈలోగా నారాయణఖేడ్‌లో, మా ఊళ్లో కార్లు ఆగేచోట అన్ని ఖర్చులతో రేట్ల బోర్డు పెట్టించండి. దాని కింద వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 రాయించండి. బయల్దేరేముందే మీటరు రీడింగు, ఒప్పుకున్న ఖర్చులు కాగితం మీద రాసిచ్చేలా చూడండి.

ఇట్లు,
నాగల్‌గిద్ద వాసి