నకలులో మనిషి ఉంటాడా?

సెలవులకు పెగడపల్లి వచ్చిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఇషా నమాజు ముగిశాక మమ్మల్ని ఆపి, “హజ్రత్, నాకొక నకలు తయారైన తరువాత, నిద్రలో మిగిలిన పాతవాణ్ణి చంపితే అది హత్యేనా?” అని అడిగాడు. ప్రశ్న ఎక్కడిదని ఆరా తీశాము. స్వీడన్‌కు చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ సంస్థ 2015లో విడుదల చేసిన ‘సోమా’ అనే కంప్యూటర్ గేమ్‌లోనిదట.

కథ ఇది. టొరంటో యువకుడు సైమన్ కారు ప్రమాదంలో గాయపడి, 2015లో మెదడు స్కాన్ చేయించుకుంటాడు. కళ్ళు తెరిచేసరికి 2104వ సంవత్సరం, సముద్రగర్భంలోని ఒక పరిశోధన కేంద్రం. తోకచుక్క ఢీకొని భూమి పైభాగమంతా నాశనమైంది. తాను అప్పటి సైమన్ కాడనీ, ఆ స్కాన్ నుండి తీసిన ప్రతి మాత్రమేననీ అతనికి క్రమంగా తెలిసివస్తుంది. ఇంకా లోతుకు దిగాలంటే మరో దేహం కావాలి. అయితే ఆ మారడంలో ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు, ఇంకొక ప్రతి తయారవుతుందంతే. కొత్త దేహంలో ఒక సైమన్ లేస్తాడు, కుర్చీలో పాత సైమన్ స్పృహ లేకుండా ఉండిపోతాడు. అతణ్ణి అలాగే వదలాలా, ప్రాణం తీయాలా అన్నది ఆడేవారి ఇష్టం.

ఈ ఊహ మన తెలుగువారికి మరీ కొత్తదేమీ కాదు. మాంత్రికుని ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్నదని పెద్దలు చెప్పగా వినలేదా? (ఆ మాంత్రికుణ్ణి ఫకీరుగా చూపడం మాకెన్నడూ రుచించలేదు.) 2019లో వచ్చిన ‘ఇస్మార్ట్ శంకర్’ సినిమాలో ఒక పోలీసు అధికారి జ్ఞాపకాలను మరొకని తలలోకి ఎక్కించారు. చిలుకలో ఉన్నది ప్రాణం, ఇక్కడ మారినది జ్ఞాపకం. రెండూ ఒకటేనా?

హిఫ్జ్ తరగతిలో కూర్చున్నవారికి దీని జవాబు కొంత తెలుసు. ఇరవైమంది పిల్లలు ఒకే గ్రంథాన్ని అక్షరం తప్పకుండా కంఠస్థం చేస్తారు. ఇరవై హృదయాలలోనూ గ్రంథం ఒకటే, పిల్లలు మాత్రం ఇరవైమందే. ఒకనికి జ్వరం వస్తే మరొకడు వణకడు. వృద్ధాప్యంలో మతిమరుపు కమ్మి అంతా మరచిన హాఫిజ్ సాహెబ్‌ను చూసి మనం నేటికీ లేచి నిలబడతాము. మతి తప్పినవానిపై నమాజు బాధ్యత ఉండదని ఫిఖ్హ్ చెబుతుంది. కాని అతని పొలం అతనిదే. అతడు బ్రతికి ఉండగా వారసులు దానిని పంచుకోరాదు. జ్ఞాపకం పోయినంత మాత్రాన మనిషి పోయాడని ధర్మపండితులు ఎన్నడూ తీర్పు చెప్పలేదు.

ఇబ్న్ సీనా (980–1037) తన ‘కితాబుష్షిఫా’లో ఒక విచిత్రమైన ఊహ చేశారు. ఒక మనిషి ఒక్కసారిగా పూర్తి రూపంలో శూన్యంలో సృష్టింపబడ్డాడు. కళ్ళు మూయబడి ఉన్నాయి, అవయవాలు ఒకదానికొకటి తగలడం లేదు. గతం లేదు, స్పర్శ లేదు. అయినా తానున్నానని అతనికి తెలుస్తుందంటారాయన. ఇద్దరు సైమన్‌లను అలా వేలాడదీసి చూడండి. ఇద్దరూ ‘నేను’ అంటారు. కాని ఏ ఒక్కరికీ రెండవవాడున్నాడని తెలియదు. కనుక వారు ఇద్దరు.

యంత్రంలోని ప్రతికి రూహ్ ఉంటుందా అన్నది వేరే సంగతి. రూహ్ గురించి అడిగినవారికి బనీ ఇస్రాయీల్ సూరా 85వ ఆయత్ గీసిన హద్దును మేము దాటము. ఆ విద్యార్థికి మాత్రం ఇంత చెప్పాము: అతడు నిజంగా మనిషే అయితే, నిద్రిస్తున్నవానిని చంపడం హత్యే. అతనివంటివాడు మరొకడున్నాడన్నది సాకు కాదు. కవల సోదరుడు బ్రతికి ఉన్నాడని హంతకుణ్ణి ఏ ఖాజీ వదిలాడు?

ఆ గేమ్‌లో మమ్మల్ని ఎక్కువ కలవరపరచినది భూతాల వంటి ఆకారాలు కావు (పసిపిల్లలకు చూపదగినవి కావన్నది నిజమే). ఆ కేంద్రంలోని కొందరు ఉద్యోగులు స్కాన్ పూర్తికాగానే ఆత్మహత్య చేసుకుంటారు. ఈ దేహం వెంటనే ఆగిపోతే తాము అంతరిక్షానికి పంపబోయే ‘ఆర్క్’లోని కృత్రిమ లోకంలో కళ్ళు తెరుస్తామని వారి నమ్మకం. కథ చివర ఆర్క్ ఎగిరిపోతుంది. దానిలో ఒక సైమన్ ఎండలో నడుస్తుంటాడు. దానిని పంపిన సైమన్ మాత్రం సముద్రపు అడుగున చీకటిలో, తాను ఇంకా ఇక్కడే ఎందుకున్నానని అరుస్తూ ఉంటాడు.