ఫిట్స్ ఉన్నాయని కాలేజీ మానిపించకండి

"ఫిట్స్ వస్తాయి, బుద్ధి కూడా నెమ్మది. వీడికి కాలేజీ ఎందుకు సిస్టర్?" అని తల్లిదండ్రులు మా ఓ.పి.లో అడుగుతుంటారు. ఓపెన్ స్కూలులో ఇంటర్ గట్టెక్కిన పిల్లవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 5 శాతం సీట్లు, వయసులో 5 ఏళ్ల సడలింపు ఉన్నాయి. ఆ చట్టం జాబితాలో మూర్ఛ పేరు లేదు. అందుచేత సర్టిఫికెట్ బుద్ధిమాంద్యం కింద తీసుకోవాలి.

అసలు చిక్కు సీటు వచ్చాకే. చాలామంది ఫిట్స్ సంగతి దాచిపెడతారు. ఆడపిల్లయితే మరీనూ, పెళ్లి సంబంధాలు చెడిపోతాయని భయం! దాస్తే, పడిపోయిన రోజున ఎవరో చేతిలో తాళాలు పెడతారు, నోట్లో చెంచా దూరుస్తారు. లెక్చరరుకూ పక్కన కూర్చునే ఇద్దరికీ ముందే చెప్పండి: ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

కొన్ని కాలేజీలు తల్లిని రోజంతా వరండాలో కూర్చోమంటాయి. అది న్యాయమేనా? ఆమెకు కూలి పోతుంది, పిల్లవాడికి స్నేహితులు దొరకరు. వాళ్లకు కావలసింది ఆ నాలుగు మాటలు నేర్చిన తోటి విద్యార్థులు.

ఇంటివారి బాధ్యత మందులు. బస్సు హడావిడిలో మానేసిన మాత్ర, పరీక్షల ముందు కాచిన నిద్ర ఫిట్స్‌ను రప్పిస్తాయి. వేసుకున్నదీ లేనిదీ పిల్లవాడికి గుర్తుండకపోవచ్చు. వారానికి సరిపడా గళ్ల డబ్బా ఒకటి కొని టిఫిన్ పళ్లెం పక్కనే పెట్టండి.