సైకిల్ టైర్లో గాలి కాస్త తగ్గించండి!

సైకిల్ టైర్లో గాలి ఎంత ఉండాలని మనవాళ్లలో ఎవరినైనా అడగండి. బొటనవేలితో నొక్కి చూసి, ‘రాయిలా ఉంది, చాలు’ అంటారు. నేనూ అంతే. మా ఊళ్లో సైకిల్ షాపు మస్తాను నేర్పిన విద్య అది. నలభై దాటాక, ఎమ్మెస్ చదివి, ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తూ కూడా ఆ విద్యనే నమ్ముకున్నాను. దాని ఫలితం మా అబ్బాయి మణికట్టు మీద పడింది.

యాంగూన్‌కి ఉత్తరాన హ్లాగా సరస్సు ఉంది. ఆ చుట్టుపక్కల గులకరాళ్లున్న ఎర్రమట్టి దారులు. వర్షాలు ఆగిన నవంబర్ నుంచి ఆదివారం పొద్దున్నే అక్కడికి సైకిళ్లు వేసుకుని వెళ్లడం మా ఇంట్లో అలవాటు. బయల్దేరే ముందు అందరి టైర్లకీ గాలి కొట్టే డ్యూటీ నాది. ఆరోజు చిన్న పల్లం దిగి మలుపు తిరుగుతుంటే వాడి ముందు చక్రం పక్కకి జారిపోయింది. పెద్ద వేగం కూడా లేదు. ఆరు వారాలు చేతికి పిండికట్టు.

మొదట సైకిల్ని తిట్టాను. తర్వాత ‘చూసుకుని తొక్కొద్దా’ అని వాణ్ని తిట్టాను. వారం తర్వాత గేజ్ పెట్టి చూస్తే ముందు టైర్లో 52 పీఎస్ఐ ఉంది. వాడి బరువు 48 కిలోలు. ఆ బరువుకి, 2.3 అంగుళాల ఆ లావు టైరుకి అందులో సగం ఉన్నా ఎక్కువే. గాలి కొట్టింది నేనే.

తప్పు ఎక్కడుందో ఆలోచిస్తే మస్తానుది మాత్రం కాదు. ఆయన చూసిన సైకిళ్లు వేరు. సన్నటి టైర్లు, వెనక క్యారియర్ మీద బియ్యం బస్తా, ముందు గొట్టం మీద ఒక పిల్లాడు. దానికి గాలి దట్టంగా ఉండాల్సిందే. లేకపోతే ట్యూబు నలిగిపోతుంది. ఆ సూత్రాన్ని మనం కౌంటీ పార్కుల్లో, కొండ దారుల్లో తొక్కే మౌంటెన్ బైక్‌కి మోసుకొచ్చాం. టైరు మీద పడే బరువు అంతే ఉండి గాలి ఒత్తిడి సగానికి తగ్గితే, నేలని పట్టుకునే టైరు భాగం దాదాపు రెట్టింపు అవుతుంది. మెత్తటి టైరు గులకరాయిని మింగుతుంది. రాయిలాంటి టైరు దాని మీద నుంచి ఎగురుతుంది. ఎగిరిన క్షణంలో బ్రేకూ లేదు, మలుపూ లేదు. సాఫీ తారురోడ్డు మీద గట్టి టైరు వేగంగా పోతుంది, నిజమే. గతుకుల్లో మాత్రం ఆ ఎగురుళ్లలోనే మన శ్రమంతా పోతుంది. అసలు గాలి టైరుకి 1888లో పేటెంట్ తీసుకున్న జాన్ బాయిడ్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి రబ్బరు గొట్టంలో గాలి నింపాడు. మెత్తదనం కోసం పుట్టిన వస్తువుని మనం రాయిలా చేసి మురిసిపోతున్నాం!

సరే, తగ్గిద్దాం. ఎంత? ఇక్కడే ట్యూబు అడ్డం వస్తుంది. ట్యూబున్న టైర్లో గాలి బాగా తగ్గిస్తే, రాయి తగిలినప్పుడు ట్యూబు టైరుకీ రిమ్ముకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు బొక్కలు పడతాయి. పాము కాటు అంటారు దాన్ని. ట్యూబే తీసేస్తే నలగడానికి ఏమీ ఉండదు. కాబట్టి ట్యూబ్‌లెస్ అంటే పంక్చర్ పడని టైరు అనుకునేవాళ్లకి ఒక మాట: దాని మొదటి లాభం గాలి తగ్గించుకునే స్వేచ్ఛ. పంక్చర్ల సంగతి రెండోది. కార్లలో ఎప్పుడో వచ్చిన ఈ పద్ధతిని మావిక్ కంపెనీ హచిన్‌సన్, మిషెలిన్ కంపెనీలతో కలిసి 1999లో మౌంటెన్ బైకులకి తెచ్చింది.

ఆ రెండో లాభం విలువ నాకు బగాన్‌లో తెలిసింది. మయన్మార్ మధ్యలో వానలు తక్కువగా పడే ప్రాంతం అది. గుళ్ల మధ్య ఇసుక బాటల్లో సైకిల్ తొక్కడం ఓ పండగ. కానీ నేలంతా మన పల్లేరు కాయలు! పొలం గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగినవాళ్లకి ఆ పేరు చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. పైగా తుమ్మ ముళ్లు. ఒక్కరోజులో మా రెండు కుటుంబాల సైకిళ్లకి నాలుగు పంక్చర్లు పడ్డాయి. అప్పటికి మావాడి సైకిల్ ఒక్కటే ట్యూబ్‌లెస్. సాయంత్రం వాడి టైర్ల నుంచి పదకొండు ముళ్లు లెక్కపెట్టి పీకాం. ఒక్కో దాని చోట తెల్లటి చుక్క ఊరి, బుస్సుమని, ఆగిపోయింది.

ఆ తెల్లటి ద్రవం సీలెంట్. చాలా రకాల్లో ఉండేది సహజ రబ్బరు పాలే, గడ్డకట్టకుండా కొన్నింటిలో అమ్మోనియా కలుపుతారు. ఇక్కడి మోన్ రాష్ట్రం వైపు వెళ్తే దారి పొడుగునా రబ్బరు తోటలు, ఇళ్ల ముందు తీగల మీద దుప్పట్లలా ఆరేసిన రబ్బరు షీట్లు. చెట్టు గాయాన్ని మూసే పాలే టైరు గాయాన్నీ మూస్తున్నాయి. అయితే మా ఎండలకి ఆ పాలు రెండు నెలల్లో ఎండిపోతాయి. చల్లటి దేశాల్లో ఉన్నవాళ్లకి ఇంకొంతకాలం ఆగుతుంది. ఎండిన సీలెంట్‌తో తొక్కడమంటే గొడుగు ఇంట్లో పెట్టి వానలోకి వెళ్లడమే.

టైరు ఎంపిక గురించి దుకాణంలో చెప్పేది అరగంట ఉంటుంది. నాకు పనికొచ్చింది ఇంతే. టైరు పక్కన 57-622 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది రిమ్ కొలత. 622 అంటే 29 అంగుళాలది, 584 అంటే 27.5, 559 అంటే పాత 26. ఈ రెండో అంకె కలవకపోతే టైరు ఎక్కదు. ఇంటర్నెట్‌లో ఆఫర్ చూసి తొందరపడేవాళ్లకి ఈ మాట. పక్కనే ‘ట్యూబ్‌లెస్ రెడీ’ అని ఉండాలి. ముందు టైరు మీద పిసినారితనం వద్దు. మెత్తటి రబ్బరు, ఎడంగా, ఎత్తుగా గుబ్బలున్నది ముందుకి. వెనక దానికి తక్కువ గుబ్బలున్నా ఫర్వాలేదు. వెనక చక్రం జారితే సైకిలు ఊగుతుంది, ముందుది జారితే మనం కింద ఉంటాం. గట్టి ఎర్రనేలకి దగ్గర దగ్గరగా ఉన్న పొట్టి గుబ్బలు చాలు. మే నుంచి అక్టోబర్ దాకా యాంగూన్ బురదకి మాత్రం నా దగ్గర మందు లేదు. డెల్టా నల్లమట్టి ఏ టైరునైనా గంటలో గారెపిండి ముద్ద చేస్తుంది. ఆ నెలల్లో మేం షటిల్ ఆడుకుంటాం.

మనవాళ్ల ఇళ్లలో నేను గమనించింది ఒకటుంది. ఖరీదైన ఫ్రేము, ఎలక్ట్రానిక్ గేర్లు కొంటారు. గుండె వేగం లెక్కపెట్టే వాచీ సరేసరి. టైర్లు మాత్రం కంపెనీ తగిలించి పంపిన నాసిరకం జతే. అప్‌గ్రేడ్‌కి డబ్బు దాచుకుంటున్నవాళ్లు సైకిల్ మార్చకండి, ముందు టైర్లు మార్చండి. గాలి గేజ్ ఒకటి కొనండి.

మార్చే పని దుకాణానికి ఇవ్వకుండా మీరే చెయ్యండని కూడా అంటాను. మొదటిసారి అవమానం తప్పదు. రిమ్ టేప్ ఇక్కడ దొరకలేదని కరెంటు పనికి వాడే టేపు చుట్టాను. తెల్లారేసరికి హాలంతా రబ్బరు పాలు. మా ఆవిడ ఏమందో రాయను. రిమ్ లోపలి వెడల్పు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువున్న అసలు టేపుని, బ్యాంకాక్ నుంచి వస్తున్న మిత్రుడితో తెప్పించి, రిమ్‌ని స్పిరిట్‌తో తుడిచి, బిగుతుగా లాగి చుట్టాక లీకు ఆగింది. తర్వాత కష్టం టైరు అంచుని రిమ్ముకి అతికించడం. చేతి పంపుతో ఎంత కొట్టినా గాలి పక్కల నుంచి పోతూనే ఉంది. కార్ల టైర్ల షాపుకి తీసుకెళ్తే కరెంటు లేదు, కంప్రెసర్ మూగది. చివరికి పాత ఉపాయమే పనిచేసింది. ట్యూబు వేసి గాలి కొట్టి రాత్రంతా ఉంచి, పొద్దున ఒక పక్క మాత్రమే విప్పి ట్యూబు లాగేశాను. రెండో పక్క అప్పటికే అతుక్కుని ఉంది. మిగిలిన అంచుకి సబ్బునీళ్లు రాసి, వాల్వ్ లోపలి పుల్ల విప్పేసి గబగబా కొడితే టప్, టప్ మని కూర్చుంది. ఈ రోజుల్లో యాంగూన్‌లో ఆ శబ్దం అందరికీ నచ్చదు. పక్కింటావిడ పిల్లని ఎత్తుకుని గేటు దగ్గరకొచ్చింది. టైరు చూపించాక నవ్వింది. ఇప్పుడు ఈ పని ముందు వాళ్లకి చెప్పి చేస్తాను.

అంచు కూర్చున్నాక 29 అంగుళాల చక్రానికి వంద మిల్లీలీటర్ల దాకా సీలెంట్, వాల్వ్ గుండానే. చక్రాన్ని ఆడించి, అటూ ఇటూ పడుకోబెట్టి, చిన్న రౌండు తొక్కి రావాలి. గాలి సంగతికొస్తే 70 కిలోల మనిషికి 2.3, 2.4 అంగుళాల టైర్లలో ముందు 20-22, వెనక 23-25 పీఎస్ఐతో మొదలుపెట్టండి. మావాడికి ముందు 18, వెనక 20. ట్యూబులుంటే నాలుగైదు కలపండి. మలుపులో టైరు మెలిక పడుతున్నట్టుంటే ఒకటి పెంచండి. టైరు మీద, రిమ్ మీద రాసిన పై హద్దుల్లో చిన్నదాన్ని మాత్రం ఎప్పుడూ దాటొద్దు, అంచు కూర్చోబెట్టేటప్పుడు కూడా.

అందరూ ట్యూబ్‌లెస్ చేసుకోవాలని నేననను. ‘ఇదంతా హంగామా, అతుకూ సొల్యూషనూ ఉంటే చాలు’ అని మా మిత్రుడొకడు వాదిస్తాడు. రెండు నెలలకోసారి సైకిల్ తీసేవాళ్ల విషయంలో, కాంపౌండులో తిరిగే చిన్నపిల్లల విషయంలో అతనే కరెక్టు. ట్యూబ్‌లెస్‌కి పనికిరాని పాత రిమ్ముని టేపులతో మభ్యపెట్టడం ఇంకా తప్పు. అంచు ఊడితే పట్టుకునేదేమీ లేదు. చేసుకున్నవాళ్లు కూడా ఓ ట్యూబు, చిన్న పంపు వెంట ఉంచుకోండి. టైరు పక్కభాగం చీలితే రబ్బరు పాలు దాన్ని మూయలేవు.

మాకు ఇది సరదా మాత్రమే కాదు. యాంగూన్ నగరంలో 2003 నుంచి మోటార్‌సైకిళ్లు నిషిద్ధం. కొన్ని పెద్ద రోడ్ల మీద సైకిళ్లకీ అనుమతి ఉండదు. పరిస్థితులు మారాక తెలుగు కుటుంబాలు ఒక్కొక్కటిగా తగ్గాయి. పిల్లలకి బయట తిరిగే చోటు తగ్గింది. పన్సోడాన్ రేవులో సైకిల్ని ఫెర్రీ ఎక్కించి నది దాటితే డాలా. అక్కడి నుంచి కుండలకి పేరున్న ట్వాంటే దాకా పల్లెదారి. వారానికి ఆ ఒక్క పూటే మాది. చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. దారిలో పంక్చర్ వేసుకుంటూ కూర్చునే తీరిక లేదు.

డాలాలో చెట్టు కింద సైకిళ్లు బాగుచేసే ఓ పెద్దాయన ఉన్నాడు. తాతలు ‘రంగం’ వచ్చినవాళ్లు. ఒకప్పుడు ఈ నగరంలో చేతి రిక్షాలు లాగినవాళ్లలో, రేవుల్లో మూటలు మోసినవాళ్లలో ఎక్కువమంది మన కోస్తావాళ్లే. కోరంగి రేవు పేరు మీద వాళ్లని కోరంగీలు అనేవారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు వెళ్లిపోగా, ఉండిపోయిన ఇంటి మనిషి ఈయన. శ్రీకాకుళం యాస ఇంకా నోట్లో ఉంది. ఆయనకి సైక్కా కూడా ఉంది. ఇక్కడి సైకిల్ రిక్షా అది, పక్కన ఇద్దరు వీపుకి వీపు ఆనించి కూర్చుంటారు.

పోయిన నెల మావాడి ముందు టైరుని బొటనవేలితో నొక్కి, “గాలి నేదు బాబూ, కొట్టీనా?” అన్నాడు. వద్దు తాతా అని, మావాడు సగం తెలుగులో సగం బర్మీస్‌లో పావుగంట క్లాసు తీసుకున్నాడు. పెద్దాయన నమ్మలేదు. సైకిలెక్కి గతుకుల దారిలో ఓ చుట్టు తిరిగొచ్చాడు. దిగి మళ్లీ నొక్కి చూశాడు.

“మెత్తగుంది. మా సైక్కాకీ ఇలాగే తీసీనా మరి?”

“వద్దొద్దు. దాని మీద ఇద్దరు కూర్చుంటారు కదా తాతా, ట్యూబు నలిగిపోద్ది. దానికి గట్టిగానే కొట్టు,” అన్నాడు మావాడు.