ఊరవతల ఇళ్ళు

కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీ గురించి ఎవరు మాట్లాడినా అంకెలతోనే మొదలుపెడతారు: 15,660 ఇళ్ళు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. ఇళ్ళు బాగున్నాయి, కాదనను. నా గొడవ వేరే. జీహెచ్ఎంసీ హైదరాబాదు పేదల ఇళ్ళని తన హద్దులు దాటించి సంగారెడ్డి జిల్లాలో ఎందుకు కట్టినట్టు? స్థలం అక్కడే దొరికిందంటారు. మరి 2015లో సికింద్రాబాదు ఐడీహెచ్ కాలనీలో ఉన్నచోటే 396 ఇళ్ళు కట్టారుగా! పొద్దున ఆరింటికి సికింద్రాబాదులో అంట్లు తోమాల్సిన మనిషి కొల్లూరులో ఎన్నింటికి లేవాలి? అరువిచ్చే కిరాణా కొట్టు, పిల్లని చూసిపెట్టే పక్కింటావిడ – ఇవి ఏ టెండరులో రాశారు? ఆమె తాళం వేసుకుని మళ్ళీ బస్తీలో అద్దెకి దిగితే, “ఇచ్చినా ఉండరండీ వీళ్ళు” అని మూతి విరిచేదీ మనమే.