మందు ఒకరిది, బతుకు అందరిదీ

సాయంత్రమైతే రాయ్‌పూర్‌లోని తెలీబంధా చెరువు గట్టు నడకకు వచ్చేవాళ్లతో కిక్కిరిసిపోతుంది. ఊరివాళ్లు మెరీన్ డ్రైవ్ అని పిలుచుకునే ఈ బాట మీద హిందీ, ఛత్తీస్‌గఢీల నడుమ తెలుగూ చెవిన పడుతుంది. రైల్వే కొలువులకో, పక్కనున్న భిలాయి ఉక్కు కర్మాగారానికో వలస వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. కీళ్లవాతంతో వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్ర మింగేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ మందు వెనుక ఉన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

మొదట ఆ మందు కీళ్ల కోసం పుట్టింది కాదు, క్యాన్సర్ కోసం. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందిలో, కొంతకాలమే అయినా, గుణం కనిపించింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. మెథోట్రెక్సేట్ దానికి తమ్ముడు.

సుబ్బారావును అమెరికా చేర్చింది కూడా దాతృత్వమే. రంగూన్‌లో గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ పేరిట కాకినాడలో నడిచే ధర్మసంస్థ ఇచ్చిన భరోసా, మామగారు సమకూర్చిన డబ్బు కలిస్తేనే 1922లో ఓడెక్కగలిగారు. కుర్రతనంలో ఆయన మనసు సన్యాసం మీద, ఆ తర్వాత ఖద్దరు మీద. ఖద్దరు వేసుకున్నందుకే మద్రాసు వైద్య కళాశాలలో ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. చివరికి ప్రయోగశాలే ఆయనకు ఉద్యోగం, వ్యాపకం కూడా అయింది.

మందు దొరికితే సరిపోదని ఫార్బర్‌కు తెలుసు. 1948 మేలో ఒక రేడియో కార్యక్రమంలో ‘జిమ్మీ’ అనే మారుపేరుతో క్యాన్సర్ సోకిన 12 ఏళ్ల కుర్రాడు మాట్లాడాడు. వాడికి ప్రాణమంతా బేస్‌బాల్ మీదే. తన జట్టు ఆట చూడటానికి ఒక టీవీ కావాలన్నాడు. శ్రోతలను అడిగింది 20 వేల డాలర్లు; వచ్చినవి 2 లక్షల 31 వేలకు పైనే. జిమ్మీ ఫండ్ అలా పుట్టింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు. వయసు 53.

ఇప్పుడు ధనిక దేశాల్లో, పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం రక్త క్యాన్సర్ నుంచి పదింట తొమ్మిదిమంది బయటపడుతున్నారు. మన దగ్గర చిక్కు మందుతో కాదు, రెండు మూడేళ్ల చికిత్సను చివరిదాకా సాగించడంతో. రాయ్‌పూర్ అంబేద్కర్ ఆస్పత్రిలో క్యాన్సర్ విభాగం ఉంది, నయా రాయ్‌పూర్‌లో 2018లో బాల్కో మెడికల్ సెంటర్ వచ్చింది. అదే ఏడాది మొదలైన ఆయుష్మాన్ భారత్ పేద కుటుంబాల ఆస్పత్రి బిల్లు భరిస్తుంది. కానీ బస్తర్ నుంచి బిడ్డతో వచ్చిన కూలి తల్లికి అద్దె గది, రెండు పూటల తిండి, పోయిన కూలి ఏ బిల్లులోనూ రావు. అక్కడే చాలామంది మధ్యలో ఇంటిదారి పడతారు. 2006లో ముంబయిలో మొదలైన సెయింట్ జూడ్ కేంద్రాలు ఇలాంటి కుటుంబాలకు ఉచితంగా బస ఇస్తున్నది ఇందుకే.

సుబ్బారావు విగ్రహానికి దండ వేయడం తేలిక. ఆయనను ఓడెక్కించిన కాకినాడ దానగుణం మనకూ ఉందని చూపాలంటే మాత్రం, ఆస్పత్రి గేటు బయట ఒక గది అద్దె కట్టాలి.