డబ్బిచ్చి తాళం వేయొద్దు

పింఛను పెంచిన ప్రతిసారీ ఒక మాట లేస్తుంది. ఇచ్చిందంతా వైన్‌షాపుకే పోతోంది, బియ్యానికీ మందులకూ తప్ప మరి దేనికీ వాడకుండా కట్టడి చెయ్యాలి అని. ఇన్నాళ్లూ అది టీకొట్టు దగ్గరి మాటగానే ఉండిపోయింది. నోటు మీద అలాంటి షరతు రాయడం ఎవరివల్లా కాదు కనుక. ఇప్పుడు అది సాధ్యమవుతోంది.

రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న చిల్లర లావాదేవీల కోసం డిజిటల్ రూపాయిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. 2024 ఫిబ్రవరిలో మరో అడుగు వేసి, ఆ రూపాయికి ముందే ఆదేశాలు అద్దే వీలు కల్పిస్తామని ప్రకటించింది. ఏ పనికి వాడాలో, ఎప్పటిలోగా ఖర్చుపెట్టాలో, ఏ ప్రాంతంలో చెల్లాలో ఇచ్చేవారే నిర్ణయించవచ్చు. ప్రభుత్వ శాఖలు తాము ఇచ్చే సాయాన్ని ఇలా నిర్దేశిత అవసరానికి కట్టేయవచ్చని రిజర్వు బ్యాంకే ఉదాహరణగా చెప్పింది. అంతకుముందే, 2021 ఆగస్టులో, ఒక మనిషికి ఒకే పనికి చెల్లే ఇ-రుపీ వోచర్లు వచ్చాయి. ఒడిశాలో మహిళలకు నగదు ఇచ్చే సుభద్ర పథకంలో కొందరికి డిజిటల్ రూపాయిలోనే చెల్లించి చూశారు. రేపు ఏ ఆర్థిక శాఖ అధికారో, ఏ సలహా సంస్థో మన పింఛన్లకూ ఇదే దారి చూపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ ప్రతిపాదన కాగితం మీదికి రాకముందే మా మాట చెబుతున్నాం. వృద్ధులకు, వితంతువులకు, దివ్యాంగులకు, తల్లులకు, రైతులకు ఇచ్చేది డబ్బైతే డబ్బుగానే ఇవ్వాలి. దాన్ని ఎక్కడ, దేనికి ఖర్చుపెట్టాలో చెప్పే అధికారం ప్రభుత్వానికి ఉండకూడదు.

అసలు ఆ డబ్బు ఎలా కరుగుతుందో దగ్గరగా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను రూ.4,000. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి వేలిముద్రో ముఖమో తీసుకుని చేతిలో పెట్టి వెళ్తారు. మధ్యాహ్నానికి అందులో సగం ఉండదు. కిరాణా కొట్టులో నెలంతా రాసిన బాకీ, పాలవాడి లెక్క, ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర జ్వరమప్పుడు పెట్టిన అరువు, చీటీ పాటకు కట్టాల్సిన కంతు. మండల ఆసుపత్రికి వెళ్లడానికి షేర్ ఆటో. మనవడి చేతిలో పెట్టే యాభయ్యో వందో. వారం సంతలో కూరగాయలు, ఎండుచేపలు. ముసలామె చుట్ట తాగేదైతే ఒక చుట్టల కట్ట. వీటిలో ఎన్నింటికి రసీదు ఉంటుంది? ప్రభుత్వ సాఫ్ట్‌వేరులో ‘నమోదైన వ్యాపారి’గా కనబడేది ఎవరు? అరువిచ్చిన కొట్టతనికి పాత బాకీ తీర్చడాన్ని ఏ పద్దు కింద రాస్తారు? పల్లెలో బతుకు అరువు మీద, మాట మీద నడుస్తుంది. ఒకటో తారీఖు వస్తుందన్న నమ్మకంతోనే కొట్టతను నెల చివర కిలో కందిపప్పు ఇస్తాడు. షరతుల రూపాయి వస్తే ఆ ముసలామెకు పప్పు పుట్టే దారి మూసుకుపోతుంది. ఆ డబ్బు సంత నుంచి, గంప పెట్టుకుని అమ్మేవాళ్ల నుంచి జారి పట్నంలోని పెద్ద దుకాణానికి చేరుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. ఈ ప్రయోగాన్ని ఆస్ట్రేలియా పదిహేనేళ్లకు పైగా చేసింది. 2007లో జాన్ హోవార్డ్ ప్రభుత్వం నార్తర్న్ టెరిటరీలోని ఆదివాసీ వాడల మీద అత్యవసర చర్యలు ప్రకటించింది. పిల్లలపై లైంగిక హింస గురించి వచ్చిన నివేదికను కారణంగా చూపింది. జాతి వివక్ష నిషేధ చట్టాన్నే పక్కనపెట్టి, ఆ వాడల్లో సంక్షేమ సాయం తీసుకునేవాళ్ల డబ్బులో సగాన్ని ఆపి, తిండికీ అద్దెకూ బట్టలకూ మాత్రమే వాడేలా కట్టేసింది. మరుసటి ఏడాది ‘బేసిక్స్ కార్డు’ వచ్చింది. 2016లో సెడునా, ఈస్ట్ కింబర్లీ ప్రాంతాల్లో మరింత గట్టి కార్డు తెచ్చారు. గనుల వ్యాపారి ఆండ్రూ ఫారెస్ట్ ప్రభుత్వానికిచ్చిన నివేదికలోంచి పుట్టిన ఆలోచన అది. సాయంలో 80 శాతం ఆ కార్డులోకే వెళ్లేది. దాంతో మద్యం కొనకూడదు, జూదం ఆడకూడదు, నోట్లు తీయకూడదు. నిర్వహణను ఒక ప్రైవేటు చెల్లింపుల సంస్థకు అప్పగించారు.

తాగనివాళ్లకూ, ఎన్నడూ జూదం ముఖం చూడనివాళ్లకూ అదే కార్డు. ఆ ఊళ్లో ఉండి సాయం తీసుకోవడమే నేరమైపోయింది. సెకండ్‌హ్యాండ్ సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర కొనలేరు, రొక్కం మీదే నడిచే చిన్న అంగడికి వెళ్లలేరు. కౌంటరు దగ్గర కార్డు పనిచేయకపోతే బుట్టలో సరుకులు వదిలేసి, వెనక వరసలో నిలబడ్డవాళ్ల ముందు తలవంచుకుని బయటికి రావాలి. ఇంత చేసి సాధించిందేమిటి? తాగుడు తగ్గిందని కొందరు చెప్పిన మాట నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయం 2018లో లెక్కలు తీసి, సామాజిక హాని తగ్గిందని తేల్చడానికి తగిన ఆధారాలే లేవంది. 2022లో మళ్లీ చూసి, కార్యక్రమం తన లక్ష్యాలను చేరుతోందని శాఖ నిరూపించలేకపోయిందని రాసింది. నార్తర్న్ టెరిటరీలో సాయం కట్టడి మొదలైన రోజుల్లో పుట్టిన ఆదివాసీ బిడ్డల బరువును పరిశీలించిన ఆర్థికవేత్తలకు, ఆ సగటు బరువు పెరగకపోగా తగ్గినట్టు కనబడింది. పిల్లల క్షేమం పేరు చెప్పి తెచ్చిన విధానం మీద ఇంతకన్నా పెద్ద అభియోగం ఏముంటుంది? 2022లో కొత్త ప్రభుత్వం ఆ 80 శాతం కార్డును చట్టం చేసి రద్దు చేసింది. అయినా నార్తర్న్ టెరిటరీలో మరో పేరుతో, మరో కార్డుతో కట్టడి కొనసాగింది. ఒకసారి వేసిన తాళాన్ని తీయడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం 2015లో ఇంకో వింత చేసింది. నగదు సాయం తీసుకునేవాళ్లు ఏటీఎం నుంచి రోజుకు 25 డాలర్లకు మించి తీయకూడదని చట్టంలో రాసింది. ఏటీఎంలు ఇచ్చేవి ఇరవై డాలర్ల నోట్లు. అంటే రోజుకు ఇరవయ్యే, తీసిన ప్రతిసారీ రుసుం అదనం. ఇంటద్దె కట్టాలంటే ఎన్ని రోజులు తిరగాలి? చివరకు ఆ పరిమితి విషయంలో రాష్ట్రం వెనక్కి తగ్గక తప్పలేదు.

మన దేశంలోనే జరిగిన నగ్డీ ఉదంతం ఇంకా గట్టిది. ఝార్ఖండ్‌లో రాంచీ పక్కనున్న నగ్డీ బ్లాకులో 2017 అక్టోబరులో రూపాయికి కిలో రేషన్ బియ్యం ఆపేసి, సబ్సిడీని బ్యాంకు ఖాతాలో వేశారు. కానీ ఆ డబ్బుతో ఏం కొనాలో కూడా నిర్దేశించారు. బ్యాంకుకెళ్లి సొమ్ము తీసుకుని, మళ్లీ అదే రేషన్ దుకాణానికి వెళ్లి కిలో రూ.32 చొప్పున బియ్యం కొనాలి. డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికి ఒకసారి, తీయడానికి ఒకసారి, బియ్యానికి మరోసారి. కూలి పోగొట్టుకుని నడవలేనివాళ్లు సైతం తిరిగారు. ఆర్థికవేత్త జాఁ ద్రెజ్ తదితరుల సర్వేలో 97 శాతం మంది పాత పద్ధతే కావాలన్నారు. జనం రోడ్డెక్కాక 2018 ఆగస్టులో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. బియ్యం ఇవ్వాలనుకుంటే బియ్యం ఇవ్వొచ్చు. 1983లో రెండు రూపాయల బియ్యంతో మొదలుపెట్టి తెలుగునాట ఆ పని ఎలా చెయ్యాలో తెలుసు. డబ్బు ఇవ్వాలనుకుంటే డబ్బు ఇవ్వొచ్చు. అటు బియ్యమూ కాక ఇటు డబ్బూ కాక నడిమధ్య వేలాడేదాన్ని పేదల నెత్తిన పెట్టొద్దు.

ఇక తాగుడు సంగతి. అది మన ఊళ్లలో ఇళ్లు కూలుస్తున్న నిజం, దాన్ని తేలిక చేసే ఉద్దేశం మాకు లేదు. అయితే సాయం డబ్బు తాగుడును పెంచుతుందా అన్న ప్రశ్నకు జవాబులు ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఇవాన్స్, అన్నా పొపోవా 2014లో పలు దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. నగదు అందుకున్న కుటుంబాల్లో మద్యం, పొగాకు ఖర్చు పెరిగినట్టు వాళ్లకు కనబడలేదు. మధ్యప్రదేశ్‌లో మహిళా కార్మికుల సంఘం ‘సేవా’ యునిసెఫ్ నిధులతో 2011-12లో కొన్ని పల్లెల్లో ఒక్క షరతూ లేకుండా నెలనెలా డబ్బు ఇచ్చింది. మొదట పెద్దవాళ్లకు రూ.200, పిల్లలకు రూ.100, తర్వాత రూ.300, రూ.150. డబ్బు అందని పల్లెలతో పోల్చి చూస్తే తాగుడు పెరగలేదు. తిండి, పిల్లల చదువు, గొడ్డూగోదా మీద పెట్టిన ఖర్చు పెరిగింది. పేదవాడి చేతిలో రూపాయి పడితే పాడైపోతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. అది నమ్మకం మాత్రమే.

తాగుడును ఎక్కడ ఆపాలో ఈ నేల ఆడవాళ్లు 1992లోనే చూపించారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో కూలి డబ్బంతా సారా కొట్టుకు పోతుంటే, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు తిరగబడ్డారు. మగవాళ్ల కూలికి తాళం వేయమని వాళ్లు సర్కారును అడగలేదు. సారా కొట్టును మూయించారు, వేలంపాటలను అడ్డుకున్నారు. ఆ ఊరి వర్ధినేని రోశమ్మ పేరుతో రాష్ట్రమంతా పాకిన ఆ ఉద్యమం దెబ్బకు 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. ఆ తర్వాత ఆ మద్య నిషేధాన్ని ఎత్తేశారు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ 3,396 మద్యం దుకాణాలను ప్రైవేటుకు ఇచ్చింది, క్వార్టరు సీసా రూ.99కే దొరికేలా చూసింది. తెలంగాణలో 2,620 దుకాణాల కోసం 2023లో వచ్చిన దరఖాస్తు రుసుములే రూ.2,600 కోట్లు దాటాయి. ఊరూరా బెల్టు షాపు నడుస్తుంటే కళ్లు మూసుకుని, ఆ రాబడితో బడ్జెట్ నింపుకుని, ముసలామె కొంగుముడి తనిఖీ చేస్తామంటే ఒప్పుకునేది లేదు. పింఛను తాగేస్తున్నారని నిజంగా బాధపడే పాలకులు ముందు బెల్టు షాపులను మూయించాలి. గుడి, బడి పరిసరాల్లోంచి మద్యం దుకాణాలు తీయించాలి. జిల్లాకొక మంచి డీఅడిక్షన్ కేంద్రం నడపాలి.

ఇంకో వాదన ఉంది, పన్ను కట్టేవాళ్ల డబ్బు కనుక అడిగే హక్కు ఉందని. అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టేది పింఛనుదారే. రూ.12 లక్షల ఆదాయం దాకా 2025 బడ్జెట్‌లో పన్ను మినహాయింపు ఇచ్చినప్పుడు, మిగిలిన సొమ్ముతో ఏం కొన్నారని ఏ ఉద్యోగినీ ఎవరూ అడగలేదు. అడగకూడదు కూడా. పదవీ విరమణ చేసిన ఉద్యోగి పింఛనుకు వైన్‌షాపు దగ్గర తాళం పడాలని ఎవరైనా అంటారా? పింఛను ఉద్యోగికి దయతో వేసే దానం కాదని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నలభై ఏళ్లు నాట్లు వేసి, ఇటుకలు మోసి, నడుం వంగిపోయిన మనిషికి ఆ గౌరవం ఎందుకు తక్కువ కావాలి? పైగా అరవై దాటి ఎనభై నిండని పేదలకు కేంద్రం తన వాటాగా ఇచ్చే రూ.200 ఏళ్ల తరబడి కదల్లేదు. దాన్ని పెంచే చర్చ కన్నా ఖర్చును కాపలా కాసే చర్చ ముందుకు రావడం మాకు మింగుడుపడటం లేదు.

డబ్బును తల్లి ఖాతాలో వేయడాన్ని మేం తప్పుపట్టం. అది ఎవరి చేతికి అందాలన్న ఎంపిక, చేతికి అందాక పెట్టే కాపలా కాదు. టీకాకో కంటి ఆపరేషన్‌కో అదనంగా వోచరు ఇచ్చినా అభ్యంతరం లేదు, నగదును కోసి దాని బదులు ఇవ్వనంతవరకు. గీత అక్కడే గీయాలి.

బ్యాంకుల సంగతీ ఇందులో భాగమే. రైతుబంధు సొమ్మును పాత బాకీలకు జమ చేసుకున్నారన్న ఫిర్యాదులు తెలంగాణ ఏళ్లపాటు విన్నది. ఆంధ్రప్రదేశ్ బాకీలతో సంబంధం లేని ఖాతాలు తెరిపించి సాయం జమ చేయాల్సి వచ్చింది. లబ్ధిదారు అనుమతి లేకుండా చేసే ఈ కోత కూడా ఖర్చు మీద పెత్తనమే. రెండు ప్రభుత్వాలూ వచ్చే శాసనసభ సమావేశాల్లోనే చట్టం తేవాలి. సామాజిక పింఛన్లు, తల్లులకూ రైతులకూ ఇచ్చే సాయం షరతుల డిజిటల్ రూపంలో చెల్లించబోమని, గడువు దాటితే వెనక్కి తీసుకోబోమని, ఏ బ్యాంకూ అందులోంచి పాత అప్పు పట్టుకోవడానికి వీల్లేదని అందులో స్పష్టంగా రాయాలి. నోటు రూపంలో కావాలని అడిగినవాళ్లకు నోటే ఇవ్వాలని, ఇవ్వకపోతే ఫిర్యాదును వారంలో తేల్చే బాధ్యత మండల స్థాయి అధికారిదేనని కూడా చేర్చాలి.