దుబాయ్ జీతానికి ఏ అకౌంట్?

నాయుడుపేట నుంచి దుబాయ్‌లో ఉద్యోగానికి వెళ్తున్నారా? జీతం పాత సేవింగ్స్ అకౌంట్‌కే పంపేద్దాం అనుకోకండి. ఫెమా నిబంధనల ప్రకారం ఆ అకౌంట్‌ని ఎన్ఆర్ఓగా మార్పించుకోవాలి. ఇంటద్దె, పొలం కౌలు లాంటి ఇక్కడి రాబడికి అది పనికొస్తుంది. కానీ దాని వడ్డీలో 30 శాతం, పైన సెస్ టీడీఎస్‌గా కోస్తారు.

అక్కడి జీతం పంపడానికి ఎన్ఆర్ఈ అకౌంట్ తెరవండి. డబ్బు రూపాయల్లోకి మారుతుంది. వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అసలూ వడ్డీ ఎప్పుడైనా తిరిగి తీసుకెళ్లొచ్చు.

మరి చిక్కెక్కడ? రూపాయి పడిపోతే! డాలర్ 80 రూపాయలున్నప్పుడు 1,000 డాలర్లు వేశారనుకుందాం. డాలర్ 90 అయ్యాక వెనక్కి మారిస్తే, వడ్డీ పక్కన పెడితే, చేతికొచ్చేది సుమారు 889 డాలర్లే. దిర్హామ్ కూడా డాలర్‌కి ముడిపడిందే కాబట్టి లెక్క అదే.

ఈ బెంగ లేనిది ఎఫ్‌సీఎన్ఆర్. డాలర్లలోనే ఉండే 1 నుంచి 5 ఏళ్ల డిపాజిట్ ఇది. అయితే ఏడాదిలోపు తీసేస్తే వడ్డీ రాదు.

అమ్మానాన్నల ఖర్చులకి, లోన్ కంతులకి ఎన్ఆర్ఈ. మళ్లీ విదేశంలోనే వాడే డబ్బుకి ఎఫ్‌సీఎన్ఆర్. ఏ బ్యాంక్ అన్నది తర్వాత, డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో ముందు తేల్చుకోండి.